డయాఫ్రమ్ గడ్డ ఆపరేషన్: తీయడం కన్నా మూయడమే పెద్ద పని

ఛాతీని, పొట్టను విడదీసే కండరపు పొర డయాఫ్రమ్. మందం కొన్ని మిల్లీమీటర్లే అయినా ఊపిరి పీల్చే పనిలో సింహభాగం దానిదే. రాత్రీ పగలూ ఆగకుండా కదిలే ఈ కండరంలో సొంతంగా గడ్డ పుట్టడం మాత్రం చాలా అరుదు. 1868లో గ్రాంషే అనే ఫ్రెంచి వైద్యుడు శవపరీక్షలో చూసిన ఫైబ్రోమాను (నార కణజాలపు గడ్డను) మొదటి కేసుగా చెబుతారు. ఇన్నేళ్లలో వైద్య పత్రికలకెక్కిన కేసులు వందల్లోనే ఉన్నాయి, వేలల్లోకి రాలేదు. కాబట్టి ఈ రకం గడ్డకు ఈ ఆపరేషనే మేలు అని తేల్చి చెప్పే పెద్ద అధ్యయనాలేవీ లేవు.

అలాగని సర్జన్ చీకట్లో తడుముకోనక్కర్లేదు. గడ్డ అరుదైనదే గానీ డయాఫ్రమ్‌ని కోసి కుట్టడం అరుదైన పని కాదు. అండాశయ క్యాన్సర్ పొట్టంతా పాకినప్పుడు గైనిక్ ఆంకాలజిస్టులు డయాఫ్రమ్ మీది పొరను ఒలుస్తారు, లోతుగా దిగితే ఆ ముక్కనే కోసేస్తారు. మీసోథీలియోమాకి (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర క్యాన్సర్‌కి) చేసే పెద్ద ఆపరేషన్లలో ఒకవైపు డయాఫ్రమ్ చాలావరకు తీసి ప్యాచ్ వేయడం దశాబ్దాలుగా ఉన్నదే. పుట్టుకతో డయాఫ్రమ్‌లో రంధ్రం ఉన్న పసిపిల్లలకు పీడియాట్రిక్ సర్జన్లు, రోడ్డు ప్రమాదాల్లో చిరిగినవాళ్లకు ట్రామా సర్జన్లు చేసేదీ అదే పని. ఈ నాలుగు చోట్ల తేలిన సంగతులే ఇక్కడా పనికొస్తాయి. ఈ పోస్టు ముఖ్యంగా సర్జరీ పీజీల కోసం. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బని తేలినవాళ్లు చదివితే డాక్టర్ని ఏమడగాలో తెలుస్తుంది.

గడ్డ ఎక్కడిదో ముందు తేలాలి

డయాఫ్రమ్ మీద కనిపించే గడ్డల్లో చాలావరకు అక్కడ పుట్టినవి కావు. కాలేయం నుంచి, ఊపిరితిత్తి నుంచి, అండాశయం నుంచి, రెట్రోపెరిటోనియం (పొట్ట వెనక గోడ దగ్గరి చోటు) నుంచి వచ్చి అంటుకున్నవే. ఊపిరితిత్తి క్యాన్సర్ డయాఫ్రమ్‌లోకి దిగితే టీఎన్‌ఎం అనే క్యాన్సర్ దశల పట్టిక ఎనిమిదో ఎడిషన్ నుంచి దాన్ని టీ4గా లెక్కేస్తున్నారు, అంతకు ముందు టీ3. అంటే ఒకే చోట కనిపించిన గడ్డ ఎక్కడిదన్నదాన్ని బట్టి చికిత్స పూర్తిగా మారిపోతుంది.

సొంతంగా పుట్టేవాటిలో అపాయం లేనివే కాస్త ఎక్కువ. వాటిలో లైపోమాది (కొవ్వుగడ్డది), నీటితిత్తులది మొదటి స్థానం. ఆ తర్వాత సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్, ష్వానోమా, హెమాంజియోమా, డెస్మాయిడ్ వస్తాయి. క్యాన్సర్ రకాల్లో పిల్లలకు, టీనేజీవాళ్లకు రాబ్డోమయోసార్కోమా, పెద్దవాళ్లకు ఫైబ్రోసార్కోమా, లియోమయోసార్కోమా, ఇంకా రకం తేలని ప్లియోమార్ఫిక్ సార్కోమాలు. సార్కోమా అంటే కండరం, కొవ్వు, నార లాంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్.

చాలామందికి లక్షణాలేమీ ఉండవు. వేరే పని మీద తీయించుకున్న ఛాతీ ఎక్స్‌రేలో డయాఫ్రమ్ ఒకవైపు ఎత్తుగా కనిపిస్తుంది. రేడియాలజిస్టు ఈవెంట్రేషన్ (డయాఫ్రమ్ పల్చబడి పైకి ఉబ్బడం) అని రాసేస్తాడు, ఫైలు మూతపడుతుంది. నొప్పి ఉన్నవాళ్లకు అది పక్కటెముకల కింద గానీ భుజం కొసన గానీ వస్తుంది. డయాఫ్రమ్‌ని కదిలించే ఫ్రెనిక్ నరం మెడలోని సీ3, సీ4, సీ5 వేర్ల నుంచి వస్తుంది కాబట్టి డయాఫ్రమ్ మధ్యభాగం నొప్పి భుజంలో తెలుస్తుంది. నెలల తరబడి భుజానికి ఫిజియోథెరపీ చేయించుకుని ఆ తర్వాత ఇక్కడ తేలడం వింతేమీ కాదు. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ పెద్దదైతే ఐజీఎఫ్-2 అనే పదార్థాన్ని వదిలి రక్తంలో చక్కెర పడేస్తుంది. 1930లో డోజ్, పాటర్ విడివిడిగా వర్ణించిన స్థితి ఇది. తెల్లవారుజామున చెమటలు పట్టి, అయోమయంగా మాట్లాడే మనిషి ఎక్స్‌రేలో ఛాతీ కింద పెద్ద గడ్డ ఉంటే ఈ మాట గుర్తుకు రావాలి.

పరీక్షల్లో సీటీ తప్పనిసరి, అయితే అడ్డకోతల బొమ్మలు చూసి ఊరుకుంటే మోసపోతాం. డయాఫ్రమ్ వంపు తిరిగి ఉంటుంది. అడ్డకోతలో కాలేయం పైభాగం, డయాఫ్రమ్, ఊపిరితిత్తి అడుగు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. కరోనల్ (ముందు నుంచి), సజిటల్ (పక్క నుంచి) బొమ్మలు అడిగి తీయించాలి. లైపోమా అయితే మైనస్ 50 నుంచి మైనస్ 150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల మధ్య కొవ్వులా కనిపిస్తుంది. కండరాన్ని దాటి రెండువైపులా పెరిగితే మధ్యలో నొక్కుకుపోయి డమరుకంలా ఉంటుంది. అందులో మందమైన గోడలు గానీ, మాంసం లాంటి ముద్దలు గానీ ఉంటే లైపోసార్కోమా కాదని తేలేదాకా లైపోమా అనకూడదు.

సీటీ కన్నా చవకైనది, ఒక్కోసారి సీటీ కన్నా బాగా చెప్పేది అల్ట్రాసౌండ్. ప్రోబ్ పక్కటెముకల మధ్య పెట్టి రోగిని గట్టిగా ఊపిరి తీసి వదలమనాలి. గడ్డ డయాఫ్రమ్‌తో పాటు కదులుతూ, దాని కింద కాలేయం విడిగా జారితే గడ్డ కాలేయానిది కాదు. రెండూ కలిసి ఒకే ముద్దగా కదిలితే అంటుకుని ఉందని అనుమానించి, ఆపరేషన్ రోజున లివర్ సర్జన్‌ని కూడా పిలిపించుకోవాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. దీన్ని వదిలేసి నేరుగా పెట్ స్కాన్‌కి పరిగెత్తడం ఈమధ్య ఎక్కువైంది.

యాంజియోగ్రామ్ మీద కూడా ఒక అపోహ ఉంది. డయాఫ్రమ్‌కి రక్తం తెచ్చే ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ధమని నుంచి రక్తం అందుతోంది కాబట్టి గడ్డ డయాఫ్రమ్‌దేనని కొందరు తీర్మానిస్తారు. కాలేయ క్యాన్సర్ కూడా కాలేయం బయటి నుంచి రక్తం లాక్కునేటప్పుడు ముందు పట్టుకునేది కుడి ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ధమనినే. ఆ ఒక్క గుర్తుతో ఏదీ తేలదు.

సూది గుచ్చే ముందు

మన దగ్గర ఒక జాగ్రత్త మరీ ముఖ్యం. ఎకైనోకోకస్ అనే టేప్‌వార్మ్ వల్ల తిత్తులు కట్టే హైడాటిడ్ జబ్బు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాలేయం పైభాగంలోని హైడాటిడ్ తిత్తి డయాఫ్రమ్‌కి అతుక్కోవడం, అరుదుగా డయాఫ్రమ్‌లోనే తిత్తి కట్టడం చూస్తాం. నీటితిత్తి అనుకుని సూది గుచ్చితే లోపలి ద్రవం ఒలికి అప్పటికప్పుడు అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) రావచ్చు, లేదా ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర ప్లూరా నిండా పిల్లతిత్తులు మొలవచ్చు. కాబట్టి నీరున్న గడ్డ ఏదైనా సరే ముందు ఎకైనోకోకస్ సీరాలజీ (రక్తపరీక్ష), మంచి అల్ట్రాసౌండ్. సీరాలజీ నెగటివ్ వచ్చినంత మాత్రాన హైడాటిడ్ కాదని కాదు, బొమ్మలో లోపలి పొర ఊడి తేలుతూ ఉంటే సీరాలజీని పక్కన పెట్టాలి. ఆపరేషన్ హైడాటిడ్‌కే అయితే అల్బెండజోల్ ముందే మొదలుపెట్టి, తిత్తి చుట్టూ హైపర్‌టానిక్ సెలైన్‌లో తడిపిన మాప్స్ పరుచుకుని, అడ్రినలిన్, హైడ్రోకార్టిజోన్ సిరంజిల్లో సిద్ధంగా ఉంచుకుని కోత పెట్టాలి.

మిగతావాటిలో అందరికీ బయాప్సీ అక్కర్లేదు. స్పష్టమైన లైపోమాకి వద్దు. లక్షణాలు లేకుండా చిన్నగా ఉంటే దానికి ఆపరేషన్ కూడా వద్దు, ఆరు నెలలకో సీటీ, మారకపోతే ఏడాదికో సీటీ చాలు. పిల్లల్లో కుడివైపు వెనక, కాలేయానికీ డయాఫ్రమ్‌కీ మధ్య రెండు తమ్మెలుగా కనిపించే పల్చటి నీటితిత్తి మీసోథీలియల్ సిస్ట్ అయి ఉంటుంది, దాన్ని గమనిస్తూ ఉండొచ్చు. కండరంలా కనిపించే గట్టి గడ్డ 3 సెం.మీ. దాటినా, పెరుగుతున్నా కోర్ బయాప్సీ చేయాలి. సన్నసూదితో తీసిన కణాలు సార్కోమా రకాన్ని తేల్చలేవు. 16 లేదా 18 గేజ్ కోర్ సూదితో, వీలైతే ప్లూరాని దాటకుండా, రేపు ఆపరేషన్‌లో కోసి తీసేసే దారిలోనే గుచ్చాలి. సూది ఎటునుంచి పోవాలో సర్జన్, రేడియాలజిస్టు కలిసి బొమ్మ ముందు కూర్చుని నిర్ణయించాలి. ఫిల్మ్ మీద "గైడెడ్ బయాప్సీ ప్లీజ్" అని రాసి పంపితే దారి రేడియాలజిస్టు సౌకర్యాన్ని బట్టి పడుతుంది.

పిల్లల్లో రాబ్డోమయోసార్కోమా అని తేలితే కత్తి పక్కన పెట్టాలి. ముందు విన్‌క్రిస్టీన్, యాక్టినోమైసిన్-డి, సైక్లోఫాస్ఫమైడ్‌లతో కీమో. ఒక 12 వారాలకి మళ్లీ స్కాన్ తీసి చూస్తే గడ్డ చాలావరకు తగ్గిపోయి ఉంటుంది, అప్పుడు చిన్న ముక్కతో పని అయిపోవచ్చు. మొదటి రోజే సగం డయాఫ్రమ్ తీసేసి, అంచుల్లో క్యాన్సర్ మిగిల్చి, పుండు మానేదాకా కీమో ఆపడం కన్నా చెడ్డ దారి ఇంకొకటి లేదు. యూయింగ్ సార్కోమాకీ ఇదే వరుస. డెస్మాయిడ్‌కి ఈమధ్య ఆపరేషన్ బాగా తగ్గిపోయింది, కొన్ని వాటంతట అవే ఆగిపోతాయి, కాబట్టి మొదట కనిపెట్టి చూడటమే పద్ధతి.

ఛాతీ నుంచా, పొట్ట నుంచా

చాలాచోట్ల ఈ నిర్ణయం గడ్డను బట్టి కాక సర్జన్ అలవాటును బట్టి జరుగుతుంది. గడ్డ కుడివైపు వెనక ఉంటే ఛాతీ నుంచే వెళ్లాలి, పొట్ట నుంచి వెళితే కాలేయం అడ్డం. దాన్ని పక్కకి తిప్పాలంటే ఫాల్సిఫార్మ్, కుడి ట్రయాంగ్యులర్, కరోనరీ లిగమెంట్లు విడదీయాలి. డయాఫ్రమ్ నుంచి ఐవీసీలోకి (శరీరం కిందిభాగం రక్తాన్ని గుండెకి తెచ్చే పెద్ద సిరలోకి) దిగే చిన్న సిరలు అక్కడే ఉంటాయి. ఒకటి చిరిగితే రక్తం కారడంతో పాటు గాలి లోపలికి పోయే ప్రమాదమూ ఉంది. గడ్డ కాలేయంలోకి దిగిందనుకుంటే మాత్రం ఆ శ్రమ తప్పదు, పొట్ట నుంచే వెళ్లాలి. ఎడమవైపు రెండు దారులూ పనిచేస్తాయి. పొట్ట నుంచి వెళితే ప్లీహం తొడుగు చిరగకుండా చూసుకోవాలి, ఛాతీ నుంచి వెళితే కింద జీర్ణాశయం, పెద్దపేగు కనపడవని గుర్తుంచుకోవాలి.

తెరిచి చేసేటప్పుడు ఛాతీ కోత 7వ లేదా 8వ పక్కటెముకల సందులో. పెద్ద సార్కోమాకి ఛాతీ-పొట్ట కలిపి తెరవాల్సి వస్తే పక్కటెముకల అంచు మృదులాస్థిని కోసిన చోట ఒకటి రెండు సెం.మీ. ముక్క తీసేయడం మంచిది. లేకపోతే రెండు కొసలూ ఒకదానికొకటి రాసుకుని ఏళ్ల తరబడి టకటకమంటూ నొప్పి పెడతాయి. రోగి గడ్డను మర్చిపోతాడు గానీ ఆ నొప్పిని మర్చిపోడు.

అపాయం లేని 4–5 సెం.మీ. గడ్డలకు థొరాకోస్కోపీ (ఛాతీలోకి కెమెరా) గానీ, ల్యాపరోస్కోపీ (పొట్టలోకి కెమెరా) గానీ హాయిగా సరిపోతుంది. థొరాకోస్కోపీలో కెమెరా పోర్ట్ 5వ లేదా 6వ సందులో పెట్టాలి. కిందికి పెడితే డయాఫ్రమ్‌కే గుచ్చుకుంటుంది, గుచ్చుకోకపోయినా గడ్డ కెమెరాకి మరీ దగ్గరై ఏమీ కనపడదు. 6–8 మి.మీ. పాదరసపు ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే డయాఫ్రమ్ కిందికి దిగి చోటు దొరుకుతుంది. ల్యాపరోస్కోపీలో డయాఫ్రమ్ తెరుచుకున్న క్షణమే పొట్టలోని గ్యాస్ ఛాతీలోకి పోతుంది, బీపీ పడుతుంది, ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. కోత పెట్టే ముందే మత్తు డాక్టరుకి చెప్పి ఒత్తిడిని 8కి దించి, పీప్ (ఊపిరి వదిలాక ఊపిరితిత్తిలో నిలిపే ఒత్తిడి) పెంచమనాలి. సార్కోమా అనుమానం ఉన్న గడ్డను ముక్కలు చేసి చిన్న రంధ్రం గుండా లాగడం నేరంతో సమానం. బ్యాగులో పెట్టి, కోత పెద్దది చేసి, చెక్కుచెదరకుండా తీయాలి.

ఛాతీ దారైతే ఒక్కో ఊపిరితిత్తికి విడిగా గాలి పంపే డబుల్ ల్యూమెన్ ట్యూబ్ కావాలి. మన ఆడవాళ్లలో చాలామందికి 35 ఫ్రెంచ్, మగవాళ్లకు 37 లేదా 39 సరిపోతుంది. ముక్కు గుండా జీర్ణాశయంలోకి ట్యూబ్ వేసి గాలి తీసేయడం ఎడమవైపు గడ్డలకు మరీ అవసరం. ఉబ్బిన జీర్ణాశయం కిందినుంచి డయాఫ్రమ్‌ని తోస్తుంటే గడ్డ అంచులు తెలియవు.

కోత గీత ఎక్కడ

నరం ఎక్కడుందో తెలియకుండా డయాఫ్రమ్ మీద కత్తి పెట్టకూడదు. కుడి ఫ్రెనిక్ నరం ఐవీసీకి కాస్త పక్కగా, ఎడమది గుండె ఎడమ అంచుకి పక్కగా కొంచెం ముందువైపు డయాఫ్రమ్‌ని చేరుతుంది. చేరగానే ముందుకి, పక్కకి, వెనక్కి కొమ్మలుగా చీలి కండరం లోపల దాక్కుంటుంది. ఆ కొమ్మలు కంటికి కనపడవు. పక్కటెముకల అంచు నుంచి మధ్యకి నేరుగా, చక్రం ఆకు దిశలో కోస్తే కొమ్మ తెగుతుంది, దాని అవతలి కండరమంతా చచ్చుబడుతుంది. ఛాతీ గోడకి సమాంతరంగా, 2–3 సెం.మీ. లోపలికి, గుండ్రంగా తిరిగే కోత సురక్షితం. ఆ 2 సెం.మీ. అంచు తర్వాత కుట్టడానికీ పనికొస్తుంది. మధ్యలోని సెంట్రల్ టెండన్‌లో కండరం లేదు గనక నరం చేరే చోటికి దూరంగా అక్కడా కోయొచ్చు.

గడ్డ సరిగ్గా నరం చీలే చోటే కూర్చుంటే? లైపోమా అయితే తొడుగు పట్టుకుని ఒలిచి నరాన్ని కాపాడాలి. సార్కోమా అయితే నరాన్ని వదులుకోవాలి. ఈ మాట రోగికి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. ఒకవైపు డయాఫ్రమ్ పనిచేయకపోయినా ఊపిరితిత్తులు బాగున్న మనిషి రోజువారీ పనులు చేసుకోగలడు. బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైనవాడు, బాగా లావున్నవాడు ఇబ్బంది పడతారు. అందుకే కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి స్పైరోమెట్రీ చేయించాలి. పడుకున్నప్పుడు వైటల్ కెపాసిటీ (నిండా పీల్చి పూర్తిగా వదలగల గాలి) బాగా పడిపోతే డయాఫ్రమ్ ఇప్పటికే బలహీనంగా ఉందని అర్థం.

కోత గడ్డకి దూరంగా, ఆరోగ్యంగా ఉన్న చోట చిన్న కన్నంతో మొదలవుతుంది. అందులో వేలు దూర్చి అవతలివైపు తడిమి చూడాలి. కాలేయం అంటుకుందా, ఓమెంటమ్ (పేగుల మీది కొవ్వు పొర) లాక్కుందా, సీటీలో కనపడని రెండో గడ్డ ఉందా? అప్పుడే కోత పొడిగించాలి. అవతలి అవయవాల మీద తడి మాప్ గానీ, వెడల్పాటి రిట్రాక్టర్ గానీ కాపుగా ఉండాలి. అపాయం లేని గడ్డకి చుట్టూ 1 సెం.మీ. చాలు. సార్కోమాకి 2 సెం.మీ. లక్ష్యం. కోసిన కండరం ముడుచుకుంటుంది, ఫార్మాలిన్‌లో ఇంకా కుంచించుకుంటుంది. బల్ల మీద 2 సెం.మీ. అనుకున్నది పాథాలజీ రిపోర్టులో చాలా తక్కువగా వస్తుంది. అంచుల మీద సందేహం ఉంటే ఫ్రోజెన్ సెక్షన్‌కి (ఆపరేషన్ మధ్యలోనే చేసే పాథాలజీ పరీక్షకి) పంపాలి. ముక్క బయటికి రాగానే ముందుకో దారం, పక్కకో దారం, పొట్టవైపుకో దారం కట్టాలి. లేకపోతే ఏ అంచు ఎటువైపుదో పాథాలజిస్టుకి తెలిసే దారి లేదు.

కోసిన అంచు నుంచి కారే రక్తాన్ని కాటరీతో కాల్చేసి ఊరుకోవడం మామూలు పొరపాటు. ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ ధమని కొమ్మలు తెగగానే కండరంలోకి జారుకుంటాయి. బల్ల మీద ఆగినట్టే ఉంటుంది, రాత్రి రోగి దగ్గినప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఆ కొమ్మలను కుట్టు వేసి కట్టాలి. కోస్తున్నప్పుడే ప్రతి 3–4 సెం.మీ.కి అంచుల్లో స్టే సూచర్లు వేసుకుంటూ పోవాలి, లేకపోతే వెనకవైపు అంచు ముడుచుకుని కనపడకుండా పోతుంది.

మూయడం

కత్తి పట్టకముందే మూసే పద్ధతి తేలి ఉండాలి, ప్యాచ్ గదిలో ఉండాలి. తెరిచాక స్టోర్‌కి ఫోన్ చేసే పరిస్థితి రాకూడదు.

5–6 సెం.మీ. దాకా ఉన్న ఖాళీ చాలామందిలో నేరుగా కలుస్తుంది. కలుస్తుందా లేదా అన్నది రెండు అంచుల్నీ బాబ్‌కాక్ ఫోర్సెప్స్‌తో దగ్గరికి లాగి చూస్తే తెలుస్తుంది. ఇక్కడే ఒక మోసం ఉంది. కండరాలు సడలే మందు ఇచ్చి ఉంటారు కాబట్టి బల్ల మీద డయాఫ్రమ్ వేలాడుతూ ఉంటుంది, ఎంత లాగితే అంత వస్తుంది. మందు ప్రభావం పోయి రోగి దగ్గినప్పుడు కండరం ముడుచుకుని కుట్లను తన వైపు లాగుతుంది. బల్ల మీద కొంచెం బిగువుగా కలిసిన అంచు వార్డులో తెగుతుంది. సునాయాసంగా, అంచు మీద అంచు ఎక్కేంత వదులుగా వస్తేనే నేరుగా కుట్టాలి. వంపంతా పోయి డయాఫ్రమ్ చదునైపోయినా అది పనిచేయదు, వంపు ఉంటేనే అది ముడుచుకున్నప్పుడు కిందికి దిగగలదు.

కుట్టుకి కరగని దారం, 0 లేదా 1 నంబరు. పాలీప్రొపిలీన్ గానీ ఎథిబాండ్ గానీ. అంచు నుంచి 1 సెం.మీ. తగ్గకుండా కండరం తీసుకుని, సెంటీమీటరుకో కుట్టు చొప్పున విడివిడిగా హారిజాంటల్ మ్యాట్రెస్ కుట్లు. మ్యాట్రెస్ ఎందుకంటే, డయాఫ్రమ్ కండరం నారల దిశలో తేలిగ్గా చీలుతుంది. మామూలు కుట్టు ఆ నారల మధ్య నుంచి కోసుకుంటూ బయటికొచ్చేస్తుంది. కండరం మరీ పల్చగా ఉంటే టెఫ్లాన్ ప్లెడ్జెట్లు పెట్టాలి. వాటి పైన రెండో వరుస కంటిన్యువస్‌గా వేసేవాళ్లున్నారు, మంచిదే.

కుట్లన్నీ ముందు వేసేసి, దారాలు వరసగా ఫోర్సెప్స్‌కి పట్టించి, చివర్లో కట్టాలి. ఒక్కొక్కటీ వేసి కట్టుకుంటూ పోతే చివరి మూడు నాలుగు కుట్లు అవతలివైపు కనపడకుండా వేయాల్సి వస్తుంది. జీర్ణాశయం గోడో, పెద్దపేగో ఆ సూదికి చిక్కేది అక్కడే. చిక్కిన సంగతి నాలుగో రోజు జ్వరంతో, డ్రెయిన్‌లో మురికి నీటితో బయటపడుతుంది. దారాలు ఎత్తి పట్టుకుని, కింద వేలు తిప్పి ఏదీ చిక్కలేదని చూసుకున్నాకే ముడి.

పొట్ట నుంచి చేసినప్పుడు చివరి ముడికి ముందు రబ్బరు క్యాథెటర్ ఒకటి ఆ రంధ్రం గుండా ప్లూరాలోకి పెట్టాలి. మత్తు డాక్టర్ ఊపిరితిత్తిని నిండా ఊది పట్టుకుంటే, సక్షన్‌తో గాలి లాగుతూ క్యాథెటర్ బయటికి తీసి ముడి బిగించాలి. తర్వాత డయాఫ్రమ్ కింద సెలైన్ నింపి మళ్లీ ఊదమంటే, బుడగలొచ్చిన చోట ఇంకో కుట్టు. ఊపిరితిత్తికి దెబ్బ తగలకుండా ఇంత శుభ్రంగా అయితే ఛాతీ డ్రెయిన్ లేకుండానే బయటపడొచ్చు.

నేరుగా కలవని ఖాళీకి ప్యాచ్. 2 మి.మీ. మందం పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ రకం) ఎక్కువగా వాడతారు. అది నీరు కారనివ్వదు, పేగులు దానికి అంతగా అంటుకోవు. పాలీప్రొపిలీన్ మెష్ చవక, గట్టిది, కానీ పేగులు, జీర్ణాశయం దానికి అతుక్కుని లోపలికి కోసుకుపోతాయి. కుడివైపు కింద కాలేయం మాత్రమే ఉన్న చోట తప్పితే దాన్ని నగ్నంగా వాడొద్దు. పేగు తెరుచుకున్న ఆపరేషన్లో సింథటిక్ ఏదైనా చీము పట్టే ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు పశువుల పెరికార్డియం, ఎసెల్యులార్ డెర్మిస్ లాంటి బయలాజిక్ ప్యాచ్‌లు, లేదా రోగి సొంత కండరమే, లాటిసిమస్ డోర్సైని తిప్పి వేయడం. బయలాజిక్‌లు ఖరీదు, కాలం గడిచేకొద్దీ సాగుతాయి.

ప్యాచ్ కొలత చేయి తిరిగిన తర్వాత గానీ కుదరదు. వదులుగా వేస్తే ఊపిరి పీల్చిన ప్రతిసారీ పైకి ఉబ్బి ఊపిరితిత్తికి పోవలసిన చోటు తినేస్తుంది. కాబట్టి బిగువుగానే వేయాలి, అయితే ఆ బిగువు ప్యాచ్‌లో ఉండాలి గానీ మిగిలిన కండరాన్ని లాగకూడదు. అంచు నుంచి 1 సెం.మీ. లోపలికి, 1 నుంచి 1.5 సెం.మీ.కో మ్యాట్రెస్ కుట్టు. ఛాతీ గోడ వైపు కండరపు అంచు మిగలకపోతే కుట్టుని పక్కటెముక చుట్టూ తిప్పి కట్టాలి, అసలు డయాఫ్రమ్ అతుక్కున్న మట్టంలోనే. సూది పక్కటెముక కింది అంచున ఉన్న నరాన్ని పట్టుకుంటే ఆ నొప్పి చాలాకాలం వదలదు, ఎముకని రాసుకుంటూ దూర్చాలి. కొందరు డయాఫ్రమ్ అంచునే ఒక సందు పైకి జరిపి ఛాతీ గోడకి కుట్టి ప్యాచ్ అవసరమే లేకుండా చేస్తారు. అంచున ఉన్న గడ్డలకు అది చాలా చక్కని దారి.

మూడు చోట్ల చేయి నిదానించాలి. ఐవీసీ దగ్గర ప్యాచ్ రక్తనాళాన్ని నొక్కకూడదు, బిగిస్తే గుండెకి వచ్చే రక్తం తగ్గి బల్ల మీదే బీపీ పడుతుంది. అన్నవాహిక దగ్గర సింథటిక్ అంచు తగలనివ్వొద్దు, మధ్యలో కండరమో ఓమెంటమో ఉండాలి, లేదంటే ఏళ్ల తర్వాత అది లోపలికి తొలుచుకుపోతుంది. గుండె కింద పెరికార్డియమ్‌కి కలిపి కుట్టేటప్పుడు పైపైన తీసుకోవాలి. ట్యాకర్ (ప్యాచ్‌ని చిన్న మేకుల్లాంటి ట్యాక్‌లతో బిగించే పరికరం) అయితే అక్కడ అసలు వద్దు. హయేటస్ హెర్నియా ఆపరేషన్లలో హెలికల్ ట్యాక్‌లు గుండె పొరలోకి దిగి, చుట్టూ రక్తం చేరి, మనుషులు చనిపోయిన కేసులు నమోదై ఉన్నాయి. డయాఫ్రమ్ మందం మిల్లీమీటర్లలో ఉంటే ట్యాక్ పొడుగూ మిల్లీమీటర్లలోనే. ఇక వేరే లెక్క చెప్పక్కర్లేదు.

సార్కోమా అయితే మూసే ముందు గడ్డ ఉన్న చోటు చుట్టూ టైటానియం క్లిప్పులు వదలాలి. రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే ఎక్కడ ఇవ్వాలో చూపించేవి అవే.

తర్వాత చెడేవి

ఛాతీ తెరిస్తే 28 ఫ్రెంచ్ డ్రెయిన్ ఒకటి. గాలి రాకుండా, రోజుకి 200 మి.లీ. లోపు వస్తే తీసేయొచ్చు. అన్నం తినడం మొదలుపెట్టాక డ్రెయిన్ పాలలా తెల్లగా మారితే థొరాసిక్ డక్ట్ (కొవ్వు కలిసిన లింఫ్ ద్రవాన్ని మోసే నాళం) తెగిందని అర్థం, వెనక క్రూస్ (డయాఫ్రమ్ వెన్నెముకకి అతుక్కునే భాగం) దగ్గర, అయోర్టా దారి పక్కన పనిచేసినప్పుడు అది చిక్కుతుంది. ద్రవంలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకి 110 మి.గ్రా. దాటితే అనుమానం తీరినట్టే.

ప్లూరాలో కాస్త నీరు చేరడం దాదాపు మామూలే, ఊపిరికి అడ్డం రాకపోతే కదిలించొద్దు. వారం తిరక్కుండా జ్వరం, వెక్కిళ్లు, భుజం నొప్పి కలిసి వస్తే డయాఫ్రమ్ కింద చీము కోసం వెతకాలి, దొరికితే పిగ్‌టెయిల్ అనే సన్న గొట్టంతో తీయాలి. ఎడమవైపు కుట్టినవాళ్లకు జీర్ణాశయం ఉబ్బనివ్వకూడదు. ముక్కు ట్యూబ్ ఒక రోజు ఎక్కువే ఉంచడం మేలు. దగ్గు, వాంతి, మలబద్ధకం మూడూ కుట్లకి శత్రువులు, మూడింటికీ ముందే మందులు రాసి ఉంచాలి. నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్ పనిచేస్తుంటే రోగి గట్టిగా ఊపిరి తీయగలడు, లేకపోతే ఊపిరితిత్తి అడుగు మూసుకుపోయి మూడో రోజుకి న్యుమోనియా. బరువులెత్తడం కనీసం రెండు నెలలు వద్దు.

ఎక్స్‌రేలో డయాఫ్రమ్ ఎత్తుగా కనిపిస్తే వెంటనే కంగారు పడక్కర్లేదు. వాపు తగ్గాక, ఆరు వారాల తర్వాత ఫ్లోరోస్కోపీలో ముక్కుతో గట్టిగా ఎగబీల్చమని చూడాలి. అందరికీ కిందికి దిగాల్సిన డయాఫ్రమ్ పైకి పోతుంటే నరం పోయింది. అప్పుడూ ఆయాసం ఉంటేనే ప్లైకేషన్ (డయాఫ్రమ్‌ని మడిచి బిగువుగా కుట్టడం), అదీ నెలల తరబడి ఎదురుచూశాక, ఎందుకంటే సాగి దెబ్బతిన్న నరం కొందరిలో తిరిగి కోలుకుంటుంది.

పాథాలజీ రిపోర్టులో చూడాల్సినవి అంచులు, గ్రేడు, ఐహెచ్‌సీ (గడ్డ రకాన్ని తేల్చే ప్రొటీన్ రంగు పరీక్ష). సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌కి స్టాట్6, లైపోసార్కోమాకి ఎండీఎం2, రాబ్డోమయోసార్కోమాకి డెస్మిన్, మయోజెనిన్. ఇవి లేకుండా "స్పిండిల్ సెల్ ట్యూమర్" అని ఒక్క ముక్క రాసి పంపితే బ్లాకులు తీసుకుని సార్కోమాలు చూసే పాథాలజిస్టు దగ్గరికి పంపాలి, చికిత్స మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. హైగ్రేడ్ సార్కోమాకి మొదటి రెండు మూడేళ్లు మూణ్నాలుగు నెలలకోసారి ఛాతీ, పొట్ట సీటీ, తర్వాత ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌ని ఐదేళ్లకి వదిలేయకూడదు, పదేళ్లు దాటాక కూడా తిరిగొస్తుంది.

గడ్డ తిరిగి రాకపోయినా కుట్టు విడిపోవచ్చు. కుడివైపు విడిపోతే కాలేయం అడ్డం ఉండి చాలామందికి ఏమీ తెలియదు. ఎడమవైపు విడిపోతే జీర్ణాశయం, పెద్దపేగు ఛాతీలోకి ఎక్కుతాయి, మెలిపడితే గంటల్లో కుళ్లిపోతాయి. ఏళ్ల తర్వాతైనా, ముఖ్యంగా గర్భం చివరి నెలల్లో పొట్ట ఒత్తిడి పెరిగినప్పుడు ఇది జరగొచ్చు. అందుకే డిశ్చార్జ్ కాగితం మీద ఏ వైపు ఆపరేషనో, ప్యాచ్ ఉందో లేదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. ఎడమవైపు ఛాతీ నొప్పి, ఏమీ బయటికి రాని వాంతులు మొదలైతే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకుండా ఆ కాగితం పట్టుకుని క్యాజువాలిటీకి వెళ్లి సీటీ అడగమని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాలి. అక్కడున్న డ్యూటీ డాక్టర్ ఎక్స్‌రేలో ఛాతీలో కనిపించే గాలి నీడను న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుకుని డ్రెయిన్ వేయబోతే, ఆ సూటి దెబ్బ జీర్ణాశయానికే తగులుతుంది.